అంచులో లేని సాయంకాలం

ఫిలడెల్ఫియా,
సెప్టెంబర్ 14, 1986.

వాండక్కా,

ముందు కూర్చో. నిలబడి చదివావంటే సగంలో స్టవ్ దగ్గరికి వెళ్ళిపోతావు, మిగతా సగం క్యాబేజీ పాలవుతుంది.

నాకు బొమ్మ ఇచ్చారు! జూన్‌లో ఈ హార్లన్ మ్యూజియంలో చేరినప్పటి నుంచి నేను వెలగబెట్టిందేమిటో నీకు తెలుసు. ఇంకొకళ్ళ బొమ్మల వెనక దుమ్ము దులపడం, ఫొటోలకు నంబర్లు వెయ్యడం, పెద్దవాళ్ళు వాడి పారేసిన దూది పుల్లలు ఏరడం. మొన్న సోమవారం మిసెస్ పెల్ పిలిచింది. ఆవిడ పాత బొమ్మలు బాగుచేసే మా విభాగానికి పెద్ద. ఆవిడ దగ్గినా మేం నోటుబుక్కులో రాసుకుంటాం. "హలీనా, థార్న్ నీది" అంది. అంతే, ఇంకో మాట లేదు.

ఎలియస్ థార్న్, అక్కా! 'ఆస్వేగో రేవు, సాయంకాలం'. నాలుగడుగుల వెడల్పు, నూట ముప్ఫై ఏళ్ళ వయసు. ఎవరో ఎప్పుడో పూసిన వార్నిష్ ముదిరిపోయి రేవంతా చిక్కటి టీలో మునిగినట్టుంది. ఆ వార్నిష్ తీసి కింద థార్న్ వేసింది బయటికి తేవాలి. ఏప్రిల్‌లో ప్రదర్శన. నాది ఏడాది ఉద్యోగమే కదా, ఇది బాగా వస్తే పర్మనెంట్ చేస్తారు. ఉన్నది ఒక్కటే ఖాళీ. దానికోసం నాతో పాటు క్లేటన్ అని ఒకడు కాచుకుని ఉన్నాడు. బూట్లు కూడా ఇస్త్రీ చేసుకుని వస్తాడని నా అనుమానం.

ఒక సంగతి చెబితే నవ్వుతావు. ఇక్కడ గదినిండా యంత్రాలే, కానీ బొమ్మ మీద పై మురికి తీసేది దేనితో అనుకున్నావు? ఉమ్మితో. దూది పుల్ల నోట్లో పెట్టుకుని బొమ్మ మీద దొర్లించడమే. నాన్న చేస్తే అమ్మ ఛీ అనేది. ఇక్కడ దాన్ని పద్ధతి అంటారు, దాని మీద వ్యాసాలు కూడా రాశారు.

ఇక అసలు విషయం. బీరు ఫ్యాక్టరీ రైన్‌హార్ట్ గారింట్లో నాన్న థార్న్ బొమ్మ ఒకటి శుభ్రం చేశాడు కదా? నాకప్పుడు నాలుగేళ్ళు, వాళ్ళ కుక్క తప్ప ఏమీ గుర్తులేదు. నీకు పద్నాలుగు. నాన్న వెంట డబ్బాలు మోసుకెళ్ళింది నువ్వే. ఏ స్పిరిట్ వాడాడు, రంగు ఎలా ఉండింది, ఎక్కడైనా మొండికేసిందా, ఏది గుర్తున్నా రాయి. థార్న్ బొమ్మల మీద చెయ్యి పెట్టినవాళ్ళు దేశం మొత్తం మీద నలుగురు కూడా లేరు. అందులో ఒకడు బఫెలోలో చర్చి పైకప్పులకు రంగులేసే ఇగ్నేసీ జరెంబా అని చెబితే మిసెస్ పెల్ కళ్ళజోడు తీసి నన్ను చూసింది.

ఫోన్ మాత్రం చెయ్యకు. అమ్మ అంత్యక్రియల తర్వాత మనం పెట్టుకున్న ఒప్పందం మంచిదే. ఉత్తరాల్లో అయితే చివరిదాకా మాట్లాడుకోగలం, ఫోన్లో అయితే మూడో నిమిషానికి ఎవరో ఒకరం పెట్టేస్తాం.

నీ
హలీనా


బఫెలో,
సెప్టెంబర్ 21, 1986.

చెల్లాయ్ హలీనాకు,

కూర్చునే చదివాను. చదివాక లేవబుద్ధి కాలేదు.

చాలా సంతోషం. ఫాదర్ బోలెక్‌కు చెప్పాను, ఇవాళ ఆదివారం పూజయ్యాక అందరికీ చెప్పాడు. ముసలమ్మలంతా వచ్చి నా చెయ్యి పట్టుకుని "మీ చెల్లెలు ఎంత పైకొచ్చిందే" అన్నారు. పట్టుకున్నది నా చెయ్యి, పొగిడింది నిన్ను. నేనూ పళ్ళికిలించి నిలబడ్డాను. ఏం చేస్తాం.

ఇక్కడ నా వైభవం కూడా విను మరి. ఈ నెలంతా చర్చిలో సెయింట్ ఆంథొనీ విగ్రహం కాలిగోళ్ళు. మొక్కుకున్నవాళ్ళూ మొక్కుకోనివాళ్ళూ ముట్టుకుని ముట్టుకుని ఆయన కుడిపాదం ప్లాస్టర్ దాకా అరిగిపోయింది. ఫాదర్ బోలెక్ పక్కనే నిలబడి, "ఇంకాస్త గులాబీ వెయ్యమ్మా, బతికున్నట్టు ఉండాలి" అంటాడు. బతికున్న మనిషి కాలిగోళ్ళు అంత గులాబీగా ఉంటే డాక్టరును పిలవాలి ఫాదర్, అన్నాను. దాని తర్వాత, వంటింట్లో నిప్పంటుకున్న వాళ్ళింటి బొమ్మలు నాలుగు, ఇన్సూరెన్సువాళ్ళు పంపారు. అందులో ఒకటి కుక్క. మసి తుడిస్తే కింద ఇంకా నల్లకుక్కే వచ్చింది.

రైన్‌హార్ట్ గారి బొమ్మ సంగతి అడిగావు. నాకేమీ గుర్తులేదు. ఇరవైతొమ్మిదేళ్ళ నాటి మాట. నాన్న నోటుపుస్తకాలు కింది గదిలోకి నీళ్ళొచ్చినప్పుడే పోయాయి. అయినా పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. నీకు మైక్రోస్కోపు ఉంది, మిసెస్ పెల్ ఉంది, వ్యాసాలు రాసినవాళ్ళున్నారు. డబ్బాలు మోసినదాన్ని పట్టుకుని అడుగుతావేమే?

ఆ తెల్లకోటు మీద పేరు కుట్టి ఇస్తారా, పిన్నుతో పెట్టుకుంటారా? ఊరికే అడిగాను.

అక్క
వాండా


బఫెలో,
సెప్టెంబర్ 21, 1986, మధ్యాహ్నం.

హలీనా,

ఇందాకటి ఉత్తరం మూలమీద పోస్టు డబ్బాలో వేసి వచ్చాను. ఇది వెయ్యను. వెయ్యనని ముందే తెలిస్తే నిజం రాయడం సులువు.

నాకు అంతా గుర్తుంది. ఆ గది వాసన కూడా గుర్తుంది.

నాన్న పద్ధతిగానే మొదలుపెట్టాడు. ఫ్రేము ఊడదీసి, ఫ్రేము చాటున దాగి ఉండే అంచులో వేలెడంత జాగాలో పరీక్ష చేశాడు. పాత వార్నిష్ హాయిగా వచ్చేసింది, కింద రంగు కదల్లేదు. ధైర్యం వచ్చింది. మధ్యలో ఆకాశం మీదికి వెళ్ళాడు. దూది ముందు పసుపుపచ్చగా వచ్చింది. రెండో దూది కూడా పసుపే. మూడోది గులాబీ రంగులో వచ్చింది. అప్పటికే చెయ్యి ఒక చుట్టు తిరిగేసింది. అరచెయ్యి మేర సాయంకాలం ఊడిపోయి, కింద మిట్టమధ్యాహ్నపు నీలం బయటపడింది.

నాన్న అప్పుడు బొమ్మను వెనక్కి తిప్పాడు. ముందే తిప్పి ఉండాల్సింది. వెనక థార్న్ చేతిరాతతో, రైన్‌హార్ట్ తాతకు రాసిన ఉత్తరం అతికించి ఉంది. ఆ మహానుభావుడు సాయంకాలాన్ని ఇంటిదగ్గర వేసేవాడే కాదు. ఇంట్లో మధ్యాహ్నం వేసి, ఫ్రేము బిగించి, ప్రదర్శన హాలుకు తెచ్చేవాడు. తలుపులు తెరిచే ముందురోజు, గోడకు వేలాడుతున్న బొమ్మ మీద, వార్నిష్‌లోనే కాస్త ఎరుపూ కాస్త గోధుమరంగూ కలిపి ఒక్క పొర పూసేవాడు. అంతే, పొద్దు గుంకేది. ఆ రోజుల్లో చాలామంది చివరి మెరుగులు హాల్లోనే దిద్దేవాళ్ళట. ఆ పొర ఫ్రేము కిందికి పోదు. అందుకని అంచులో పరీక్ష చేస్తే అంతా క్షేమమే అనిపిస్తుంది. మధ్యలో మాత్రం మురికి వార్నిష్ దేనికి కరుగుతుందో థార్న్ సాయంకాలం కూడా దానికే కరుగుతుంది.

నాన్న మళ్ళీ వెయ్యబోయాడు. ఒక్క ఊపులో, చెయ్యి ఆగకుండా వెయ్యాలి, లేకపోతే అతుకు కనిపిస్తుంది. మూడుసార్లు వేసి మూడుసార్లు తుడిచాడు. మూడుసార్లూ అతుకు కనబడింది. నాలుగోసారి బ్రష్ నాకిచ్చి గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

నేను వేశాను, హలీనా. పద్నాలుగేళ్ళదాన్ని. ఒక్కసారికే వచ్చింది. రైన్‌హార్ట్ వచ్చి చూసి, "ఇగ్నేసీ, నీ చేతిలో దేవుడున్నాడయ్యా" అన్నాడు. నాన్న తలూపాడు. ఇంటికి వచ్చేటప్పుడు బస్సులో, ఎవరికీ చెప్పనని నాచేత ఒట్టు వేయించుకున్నాడు.

నా బతుకులో నేను చేసిన గొప్ప పని అదొక్కటే. దాని గురించి నోరు విప్పకూడదు. ఆ తర్వాత పద్నాలుగేళ్ళకు నాన్న నిన్ను కాలేజీకి పంపాడు. నన్ను నిచ్చెన మీదికి పంపాడు, ఇప్పటికీ దాని మీదే ఉన్నాను.

నాన్న పరువు కోసం నీకు చెప్పడం లేదని పోస్టు డబ్బా దాకా నాకు నేను చెప్పుకుంటూ వెళ్ళాను. తిరిగొచ్చేటప్పుడు ఆ మాట నిలవలేదు. నాన్న పోయి ఆరేళ్ళయింది, రైన్‌హార్ట్ పోయి ఇరవై. ఇంకెవరి పరువు? కడుపుమంట, అంతే. నీ కోటు, నీ మైక్రోస్కోపు, నీ మిసెస్ పెల్, అన్నీ తలుచుకుంటే నాకు అన్నం సహించడం లేదు. ఆ పొర నీ చేతికింద కూడా గులాబీగా రావాలి. ఒక్కసారి, ఒకే ఒక్కసారి నువ్వు చెయ్యి వెనక్కి తీసుకుని, వాండా ఉంటే బాగుండేది అనుకోవాలి.

ఇలాంటిది రాసినందుకు శనివారం ఫాదర్ దగ్గర పాపం ఒప్పుకోవాలి. ఒప్పుకోను.

వాండా


ఫిలడెల్ఫియా,
అక్టోబర్ 19, 1986.

వాండక్కా,

ఏమీ గుర్తులేదా? నాకు ఆరేళ్ళప్పుడు ఏ పంటితో నీ వేలు కొరికానో ఇప్పటికీ చూపించగల మనిషివి నువ్వు! సరేలే, పోనీ. పెద్దదానివైపోయావు, మతిమరుపు సహజం.

పేరు కోటు మీద కుట్టి ఇచ్చారు. నువ్వడిగావు కాబట్టి చెబుతున్నాను. నీలం దారంతో.

పని అందంగా సాగుతోంది. బొమ్మ వెనక ఏమైనా రాసి ఉందేమో చూద్దామంటే ఎవరో పాతకాలంలోనే కొత్త గుడ్డ అతికించేశారు, ఏమీ కనబడదు. అందుకని అంచులో, ఫ్రేము కింద దాగే చోట, నాలుగు రకాల ద్రావకాలతో నాలుగు చిన్న కిటికీలు తెరిచాను. మూడోది అద్భుతం. వార్నిష్ మీగడలా వచ్చేసింది, కింద రంగు రవ్వంత కూడా కదల్లేదు. మైక్రోస్కోపు కింద చూశాం, ఫొటోలు తీశాం, రిపోర్టు రాశాం. ఇక్కడ ఏం చేసినా రిపోర్టు. ఏ రోజు ఏం తెలిసింది, ఎవరు చెప్పారు, ఏ రోజు చెయ్యి పెట్టాం, అన్నీ తేదీలతో రాయాలి. వందేళ్ళ తర్వాత వచ్చేవాళ్ళకు మనం అబద్ధం చెప్పకూడదంటుంది మిసెస్ పెల్.

ఆవిడ సంతకం పెట్టేసింది. నవంబర్ 3, సోమవారం, ఆకాశం మొదలుపెడతాను. ఆ మాట వినగానే క్లేటన్ మొహం మాడిపోయింది. "నీ అదృష్టం" అన్నాడు. అదృష్టమట! పదిహేనేళ్ళు చదివీ, పనిచేసీ, ఇక్కడికి వస్తే.

నిజం చెప్పనా అక్కా, రాత్రి పడుకునేముందు ఆ బొమ్మ కింద చీటీ మీద నా పేరు ఎలా ఉంటుందో ఊహించుకుంటున్నాను. చీటీ మీద మా పేర్లు వెయ్యరు. అయినా ఊహించుకుంటున్నాను.

హలీనా


బఫెలో,
అక్టోబర్ 31, 1986.

హలీనాకు,

రేపు సమాధుల పండగ. అమ్మానాన్నల దగ్గర దీపాలు పెట్టాలి. నీ పేరు మీద కూడా ఒకటి పెడతాను. గాలి ఎక్కువ, నీది ఆరిపోతే నన్ననకు.

నీలం దారం మంచి పని చేశారు. ఎర్రదారం అయితే ఉతికినప్పుడు రంగు దిగుతుంది.

నేను పెద్దగా చదువుకోలేదు కాబట్టి నీకు సలహా ఇచ్చేంతదాన్ని కాదు. కానీ, నాన్న ఎప్పుడూ అనేవాడు, అంచు చూసి మధ్యను నమ్మకూడదని. మధ్యలో కూడా ఒక చుక్కంత జాగాలో పరీక్ష చేస్తే మంచిదేమో. నాలుగు కిటికీలు తెరిచి, మైక్రోస్కోపు పెట్టి చూశాక మీకు ఇలాంటి నాటుమాటలు అవసరం లేదనుకో. ఏదో గుర్తొచ్చి రాశాను.

సెయింట్ ఆంథొనీ పూర్తయ్యాడు. గోళ్ళు చివరికి ఫాదర్ చెప్పిన రంగే వేశాను. ముసలమ్మలు ముద్దు పెట్టుకుంటున్నారు.

వాండా


ఫిలడెల్ఫియా,
నవంబర్ 8, 1986.

అక్కా,

ఆకాశం పోయింది.

మంగళవారం. సోమవారమంతా పైన, ఫ్రేము చాటు అంచు వెంట బాగానే వచ్చింది. మంగళవారం మధ్యలోకి వచ్చాను. దూది పసుపు, పసుపు, తర్వాత గులాబీ. మురికే అనుకుని ఇంకో దూది తీసుకున్నాను! ఇంకో దూది, అక్కా! చెయ్యి తీసి చూస్తే అరచెయ్యంత జాగాలో నీలాకాశం, చుట్టూ సాయంకాలం. సంధ్యవేళ ఆకాశానికి కిటికీ కొట్టి పగటివెలుతురు లోపలికి వదిలినట్టుంది.

నీ ఉత్తరం బుధవారం వచ్చింది. మధ్యలో కూడా పరీక్ష చేయమని రాశావు. వంటింట్లో నిలబడి అది చదివి నవ్వాను, ఆ తర్వాత దాన్ని మడిచి కోటు జేబులో పెట్టుకున్నాను.

మిసెస్ పెల్‌కు చెప్పలేదు. అక్కడ రంగు పెచ్చులు లేస్తోంది, ముందు దాన్ని నిలబెట్టాలి అని అబద్ధం చెప్పి, ఆకాశం మీద పలచటి కాగితం అతికించి పెట్టాను. కాగితం ఉన్నంతకాలం ఎవరూ ముట్టుకోరు. కింద పడవల మీద పని చేస్తున్నట్టు నటిస్తున్నాను. క్లేటన్ రోజుకు రెండుసార్లు వచ్చి వెనక నిలబడతాడు. చెబితే ఆ ఖాళీ వాడిదే.

నేను వేసి చూశాను, వేరే గుడ్డ ముక్క మీద. పదకొండుసార్లు. అతుకు కనబడుతోంది. ఆ పొర ఒక్క ఊపులో రావాలి, నాకు రావడం లేదు.

నువ్వు రావాలి. థాంక్స్‌గివింగ్‌కు గురువారం నుంచి ఆదివారం దాకా ఇక్కడ ఎవరూ ఉండరు. వెనక తలుపు కాపలావాడికి మా అక్క ఊరునుంచి వచ్చింది, చూపిస్తానని చెబుతాను. బ్రష్‌లు నీవి తెచ్చుకో. నాన్న చెయ్యి ఇప్పుడు నీ దగ్గరే ఉంది. నువ్వు వేస్తే మిసెస్ పెల్ కాదు కదా, థార్న్ లేచి వచ్చినా కనిపెట్టలేడు. ఎవరికీ ఎప్పటికీ చెప్పనక్కర్లేదు.

నిన్ను నేను ఎప్పుడూ ఏమీ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను.

నీ హలీనా


బఫెలో,
నవంబర్ 12, 1986.

హలీనా,

నీ ఉత్తరం చదవగానే నాకు ముందు కలిగింది సంతోషం. ఇది దాచి రాస్తే మిగతాదంతా అబద్ధమవుతుంది, అందుకే ముందే రాస్తున్నాను. 'నువ్వు రావాలి' అన్న చోట వేలు పెట్టుకుని మూడుసార్లు చదివాను. గోడమీద అద్దంలో నా మొహం చూసుకున్నాను కూడా. ఆ మొహం చూశాక సొరుగులోంచి పాత ఉత్తరం ఒకటి తీశాను.

దీనితో పాటు ఇంకో ఉత్తరం పెడుతున్నాను. తేదీ చూడు. సెప్టెంబర్ 21. నీకు ఏమీ గుర్తులేదని రాసిన రోజే, అరగంట తర్వాత రాశాను. ముందు అది చదివి, మళ్ళీ ఇక్కడికి రా.

చదివావా?

నాకు తెలుసు. మొదటినుంచీ తెలుసు. అంచులో పరీక్ష బాగా వచ్చిందని నువ్వు రాసింది చదివిన రోజు, నాన్న కూడా సరిగ్గా ఇలాగే మోసపోయాడే అనుకుని, వెళ్ళి ప్లేట్లు కడుక్కున్నాను. అక్టోబర్ 31న నేను రాసింది కూడా సలహా కాదు. శుక్రవారం డబ్బాలో వేస్తే బుధవారం గానీ నీకు చేరదని లెక్కపెట్టుకునే వేశాను. రేపెప్పుడైనా, నేను చెప్పాగా అనడానికి పనికొస్తుందని వేశాను. గోడకు ఫోన్ ఉంది. ఒప్పందం అని ఒకటి అడ్డుపెట్టుకున్నాను. ఇల్లు తగలబడుతున్నప్పుడు ఫోన్ చెయ్యకూడదని ఎవరూ ఒప్పందం చేసుకోరు.

నేను రాను. వెనక తలుపు నుంచి రాను. చేతకాక కాదు, ఆ పొర నేను నిద్రలో కూడా వెయ్యగలను, నీకూ తెలుసు. కానీ ఒక సాయంకాలాన్ని దాచుకుని ఇరవైతొమ్మిదేళ్ళు బతికాను నేను. దాచిన పని లోపల ఎలా పులుస్తుందో దీనితో పెట్టిన ఆ ఉత్తరం చదివితే నీకు వాసన తెలిసే ఉంటుంది. నాన్న నాకు పెట్టిన శిక్ష నీకు నేను పెట్టను.

కాగితం తీసి మిసెస్ పెల్‌కు చూపించు. రిపోర్టులో రాయి. థార్న్ చివరి పొర సంగతి వాండా జరెంబాకు సెప్టెంబర్ 21 నాటికే తెలుసు, చెల్లెలు అడిగింది, ఆవిడ చెప్పలేదు, అని తేదీ వేసి రాయి. కావాలంటే నా ఉత్తరం దానికి కుట్టి పెట్టు. వందేళ్ళ తర్వాత వచ్చేవాళ్ళు కూడా చదువుకుంటారు. చదవనీ.

నీ ఉద్యోగం పోతే పోగొట్టింది నేను. దీనికి క్షమించమని అడిగే మొహం నాకు లేదు.

వాండా


ఫిలడెల్ఫియా,
నవంబర్ 23, 1986.

అక్కా,

నీ ఉత్తరం అందాక వారం రోజులు నీకు రాయలేదు. రాస్తే బూతులు వస్తున్నాయి. నాలుగు చింపేశాను, ఇది ఐదోది.

సోమవారం పొద్దున్నే కాగితం తీసి చూపించాను. మిసెస్ పెల్ స్టూలు లాక్కుని కూర్చుని, ఆ నీలం అంచులు భూతద్దంతో చూసింది. తర్వాత ఒక్కటే అడిగింది, "ఎన్ని రోజుల నుంచి?" పదమూడు అన్నాను. "బొమ్మ పాడుచేసినందుకు కాదు, ఇక్కడ ప్రతివాళ్ళూ ఏదో ఒకటి పాడుచేశారు. ఆ పదమూడు రోజులు దాచినందుకు నీకీ ఉద్యోగం లేదు" అంది. ఖాళీ క్లేటన్‌కు ఇచ్చారు. నేను జూన్ దాకా ఉంటాను, ఫొటోలకు నంబర్లు వేస్తూ. థార్న్ ఏప్రిల్ ప్రదర్శనలో ఉండదు.

నీ ఉత్తరం ఇచ్చాను. నేను అనువదిస్తూ చదివాను, ఆవిడకు పోలిష్ రాదుగా. నీ కడుపుమంట కూడా వదలకుండా చదివాను. పద్నాలుగేళ్ళ పిల్ల బ్రష్ తీసుకున్న చోట ఆపమని చేతితో సైగ చేసింది. "ఎవరీ అమ్మాయి? ఇప్పుడెక్కడుంది?" అంది. మా అక్క, అన్నాను. నా ఉద్యోగం పోయిన గంటకి, అక్కా, ఆవిడ కళ్ళు నా గురించి ఒక్కసారి కూడా అలా వెలగలేదే అనుకున్నాను. నీ ఒక్కదానికే ఉందనుకున్నావా కడుపుమంట?

రైన్‌హార్ట్ మనవళ్ళ దగ్గర ఆ బొమ్మ ఇంకా ఉందట. ఫొటోలు తెప్పిస్తున్నారు. థార్న్ పొర తెలిసిన చెయ్యి దేశంలో ఇంకొకటి లేదు కాబట్టి నిన్ను పిలవమంది. రహస్యంగా కాదు, కాగితం మీద, నీ పేరుతో. కానీ మా పద్ధతిలో చెయ్యాలి. నువ్వు వేసింది రేపు ఎవరైనా తీసెయ్యగలిగేట్టు ఉండాలి. మామూలు వెలుతురులో కనబడకూడదు, అల్ట్రావయొలెట్ దీపం పెడితే మాత్రం థార్న్ ఎక్కడ ఆగాడో, నువ్వెక్కడ మొదలుపెట్టావో తెలిసిపోవాలి. నువ్వు ఎవరికీ తెలియని చోట పనిచేసినదానివి. ఇక్కడ తెలిసేట్టు చెయ్యాలి.

ఇప్పుడు నేను దాచింది చెబుతాను.

'ఏమీ గుర్తులేదు' అని నువ్వు రాసింది చదివిన రోజే నాకు తెలుసు, నువ్వు అబద్ధమాడుతున్నావని. ఫోన్ ఎత్తాను, నంబరు సగం తిప్పాను, పెట్టేశాను. ఇంకోసారి అడిగితే చెబుతావు. చెబితే ఆ బొమ్మ నీదైపోతుంది. దాని బదులు నాకే తెలుసనుకుని చెయ్యి పెట్టాను. నువ్వు చెప్పకపోవడం నీ పాపం. నేను రెండోసారి అడగకపోవడం నాది. రిపోర్టులో నీ తేదీ పక్కన అది కూడా రాశాను.

ఇంకొకటి ఉంది. అది రిపోర్టులో రాయలేదు.

నాన్న నన్ను కాలేజీకి పంపినందుకు పదిహేనేళ్ళుగా నువ్వు రగిలిపోతున్నావు. ఎందుకు పంపాడో ఎప్పుడైనా అడిగావా? నేను హైస్కూలు అయిన వేసవిలో చర్చి పైకప్పు మీద నక్షత్రాలు వెయ్యమని నాకిచ్చాడు. ఏడు వేశాను. నాన్న నిచ్చెనెక్కి చూసి, ఏడూ తుడిచేశాడు. కిందికి దిగాక నా తల నిమిరి, "హలీంకా, దేవుడు చెయ్యి వాండాకిచ్చాడమ్మా. నీకివ్వలేదు. నువ్వు చదువుకో తల్లీ, బొమ్మల చుట్టూ తిరిగే పని ఏదో ఒకటి దొరక్కపోదు" అన్నాడు. ఆ తర్వాత నిన్ను పైకి పిలిచాడు. ఇప్పుడు అక్కడున్న నక్షత్రాలు నువ్వు వేసినవే.

కాలేజీ నాకు బహుమతి అని నువ్వు అనుకున్నావు. చెయ్యి లేనిదాని చేతిలో పుస్తకం పెట్టాడు, అంతే. ఒక్క మాటతో నీ కుళ్ళు ఆపగలిగేదాన్ని. ఎప్పుడూ ఆపలేదు. అంత చెయ్యి ఉన్న మనిషి నన్ను చూసి ఏడుస్తోందంటే నాకూ ఏదో ఉన్నట్టే కదా. నీ అసూయ తప్ప నాకున్న ఆస్తి ఇంకేమీ లేదు. ఇవాళ అది కూడా రాసిచ్చేస్తున్నాను.

క్షమించానని అనుకోకు. ఇంకా లేదు. ఎప్పటికవుతుందో తెలియదు.

డిసెంబర్ 8, సోమవారం, పదింటికి రా. ముందు తలుపు దగ్గర పేరు చెప్పు, రాసి పెట్టించాను. మిసెస్ పెల్ చూస్తుంది, క్లేటన్ చూస్తాడు, నేను దీపం పట్టుకుని నీ పక్కన నిలబడతాను. నేను పదకొండుసార్లు వెయ్యలేనిది నువ్వు ఒక్క ఊపులో వేసేస్తావు. నాకు ఒళ్ళు మండిపోతుంది, మండనీ, దీపం మాత్రం కదలనివ్వను. అయ్యాక నా మొహం చూసి జాలిపడి, "ఇందులో ఏముందిలేవే" అంటావేమో. ఆ ఒక్కమాట మాత్రం అనకు, అక్కా.

హలీనా